దుర్గమ్మ కొండ మీద పచ్చ చుక్క

దసరా లైట్ల ఫోటో ఒకటి ఇంట్లోవాళ్ళ గ్రూపులో పెడితే, మా అత్తగారు దాన్ని పెద్దది చేసి చూసి "కొండ మీద జ్యోతి కనిపిస్తోందమ్మా, చూశావా?" అని చుట్టాలందరికీ పంపించేశారు. ఇంద్రకీలాద్రి పైన, ఆకాశంలో చిన్న పచ్చ చుక్క. అది జ్యోతి కాదు, సీతానగరం ఘాట్ మెట్ల దగ్గరున్న లైటు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన చెప్పేశారు. "లైటు కింద ఉంటే చుక్క పైనెలా వస్తుందిరా?" అన్నారావిడ. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు తెలిస్తే చుక్కని వదిలించుకోవడం కూడా తెలిసినట్టే.

ఫోను కెమెరాలో ఉండేది ఒక్క లెన్సు కాదు. ఆరో ఏడో చిన్న ప్లాస్టిక్ లెన్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మామూలు గాజైతే తన మీద పడ్డ వెలుగులో ఒక్కో వైపు దాదాపు 4 శాతం వెనక్కి కొడుతుంది. కెమెరా లెన్సులకి పూత వేసి దాన్ని బాగా తగ్గిస్తారు గానీ పూర్తిగా పోగొట్టలేరు. మిగిలిన ఆ కాస్తా పగటి ఫోటోలో కంటికి ఆనదు. నల్లటి ఆకాశం, పక్కనే ఎల్‌ఈడీ దీపం ఉంటే ఇక దాగదు. లెన్సుల వెనక బొమ్మని పట్టే సెన్సర్ దాకా వెళ్ళిన వెలుగులో కొంత వెనక్కి వచ్చి, లెన్సుకి తగిలి, మళ్ళీ సెన్సర్ మీదే పడుతుంది. అలా పడేటప్పుడు ఫ్రేము నడిమధ్యకి అవతలి వైపు పడుతుంది. దీపం కింద ఎడమ మూల ఉంటే చుక్క పైన కుడి మూల, ఇంచుమించు అంతే దూరంలో. ప్రకాశం బ్యారేజీ దీపాల వరసని ఫ్రేములో పై భాగంలో పెట్టి తీసి చూడండి, కింద నీళ్ళ మీద పచ్చ చుక్కల వరస తలకిందులుగా కనిపిస్తుంది.

కాబట్టి చుక్క ఎక్కడ పడాలో మనమే చెప్పొచ్చు. ఫోను కొంచెం వంచితే స్క్రీన్ మీదే అది దీపానికి ఎదురు దిక్కుగా జరుగుతూ కనిపిస్తుంది. దాన్ని తీసుకెళ్ళి గుడి లైట్ల మధ్యలో కలిపేస్తాను, ఎవరికీ తెలియదు. ఒక్కటే దీపమైతే నడిమధ్యకి తెస్తే చాలు, చుక్క దాని మీదే కూర్చుంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చింది మాత్రం రెండడుగులు పక్కకి జరిగి దీపాన్ని ఏ స్తంభం వెనక్కో చెట్టు వెనక్కో నెట్టెయ్యడం. చెయ్యి అడ్డం పెట్టడం గురించి అందరూ చెబుతారు. దీపం ఫ్రేము బయట ఉండి ఫోటో అంతా తెల్లగా పాలిపోతుంటే అది పనికొస్తుంది. దీపం ఫ్రేములోనే ఉంటే చెయ్యి కూడా ఫోటోలో పడుతుంది, అంతే.

నైట్ మోడ్ చీకటిని లేపుతుంది, దాంతోపాటు చుక్కనీ లేపుతుంది. లైట్లు ఎక్కువున్నచోట దాన్ని ఆపేసి, స్క్రీన్‌లో దీపం మీద వేలు పెట్టి వెలుగు తగ్గించి తీస్తే చుక్క చీకట్లో కలిసిపోతుంది. మిగిలితే ఇంటికొచ్చి చెరిపెయ్యొచ్చు. ఆకాశంలో శుభ్రంగా పోతుంది, నీళ్ళ అలల మీదైతే మాత్రం మరక తేలుతుంది.

దీపం నుంచి పొడుగ్గా గీతలు సాగుతున్నాయంటే అది వేరే సంగతి, పునుగులు తిన్న వేళ్ళ పని. జిడ్డు ఒక దిక్కుగా పూసుకుంటే గీతలు దానికి అడ్డంగా లేస్తాయి. కళ్ళజోడు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే సరి, చీర కొంగు జిడ్డుని ఇంకా పరుస్తుంది. ఏసీ కార్లోంచి దిగి వెంటనే తీసినా మన బెజవాడ ఉక్కకి లెన్సు మీద ఆవిరి పడుతుంది, కాసేపు ఆగాలి.

కెమెరా మీద అంటించిన రక్షణ గ్లాసు ఉంటే మాత్రం తీసెయ్యండి. వెలుగు కొట్టుకోవడానికి ఇంకో రెండు వైపులు కొనిచ్చినట్టే. మా వీధి చివర షాపబ్బాయితో నాది పీకించాను. "గీతలు పడితే నన్ననకండి మేడమ్" అన్నాడు. అననులే అన్నాను.