గోరింటాకు పెట్టుకున్న పూట

ఆషాఢం, ఆదివారం. స్కూలు లేదు కాబట్టి ఆరున్నర దాకా పడుకోవచ్చని రాత్రే అనుకున్నాను. ఐదున్నరకే మా పిల్లాడు లేచాడు. నైటీ జిప్పు తీయడం పదహారో నెలలోనే వచ్చేసింది వాడికి. ఇప్పుడు ఇరవై. "పాయి" అన్నాడు. పాలకి వాడు పెట్టుకున్న పేరు అది. ఎడమ వైపుకి తిప్పుదామని నేను సర్దుకునేలోపే కుడివైపు పట్టేశాడు.

కుడివైపు చనుమొన మీదే పుండు. కాలివేళ్లు ముడుచుకుపోయాయి, పళ్ల బిగువున సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉంటాయి, తెలుసు, అయినా లెక్కపెట్టాను.

పురిటిలోనూ ఇట్లాగే ఉండేది. కాకపోతే అప్పుడు మొన పగిలిందంటే ఇంటిల్లిపాదీ కంగారు పడేవాళ్లు. అమ్మ వెన్న రాసేది, నర్సమ్మ వచ్చి బిడ్డ నోటి పట్టు సరిచేసేది. ఇప్పుడు నొప్పి అన్నానా, అందరి దగ్గరా ఒకటే మందు: "ఇంకా ఇస్తున్నావా? మాన్పించెయ్." అమ్మ ఫోన్లో అదే, పక్కింటి పిన్నిగారు గోడ మీంచి అదే, స్టాఫ్ రూములో అదే. ఏ వేలికో దెబ్బ తగిలితే వేలు తీసేయమని ఎవరూ అనరు కదా.

అత్తయ్య మాత్రం మాన్పించమనలేదు. రెండు వారాల కిందట నేను అబ్బా అన్నప్పుడు గొంతు తగ్గించి, "నెల తప్పావా ఏందమ్మాయ్?" అంది. నాకు ఆ మాటకి గుండె జారింది. పాలిస్తున్న మనిషికి ఉన్నట్టుండి చనుమొనలు సలపరం పెడితే మొదట చూసుకోవలసింది అదేనని నాకూ తెలుసు. బ్రాడీపేటలో మందుల షాపుకి మా ఆయన్ని పంపించి కిట్టు తెప్పించుకున్నాను. ఒకటే గీత. హమ్మయ్య. నాలుగో రోజున నెలసరి వచ్చింది. నెలసరికి ముందు రెండు మూడు రోజులు గుడ్డ తగిలినా మండుతుంది నాకు, అదొక లెక్క. కానీ నెలసరి వెళ్లిపోయినా నొప్పి పోకపోతే అది వేరే లెక్క.

శుక్రవారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు వాడి నోరు చూసింది, తుడిచినా పోని తెల్లటి పూత ఏమైనా ఉందా అని. అట్లా ఉంటే అది ఫంగస్‌ట, వాడికీ నాకూ కలిపి మందు వాడాలి, ఒకరికే వాడితే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. లేదు. ఆ తర్వాత నన్ను అడిగింది, "పాలు తాగి వదిలాక మొన ఎట్లా ఉంటోంది? గుండ్రంగానా, నొక్కినట్టా?" అప్పటిదాకా నేను చూసుకోనేలేదు. అక్కడే ఇచ్చి చూస్తే కొత్త లిప్‌స్టిక్ కొసలాగా ఏటవాలుగా నొక్కుకుపోయి బయటికొచ్చింది. వీడు నోరు పెద్దగా తెరవడం మానేసి స్ట్రా పట్టుకున్నట్టు కొసన పట్టుకుంటున్నాడన్నమాట. మొన నోట్లో లోపలికి, మెత్తటి అంగిలి దాకా పోవాలి. కొసన పట్టుకుంటే నాలుకకీ గట్టి అంగిలికీ మధ్య నలుగుతుంది. దానికి తోడు కోరపళ్లు వస్తున్నాయి. చిగుళ్లు దురదపెడితే ఏం చేస్తాడు, నమిలాడు.

మాన్పించమంటుందేమోనని ముందే గొంతు సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వమంటుంది, మీ ఇష్టం అంది. పోట్లాటకి తయారై వెళ్లినదాన్ని, పోట్లాట లేకపోయేసరికి అక్కడే కళ్లనీళ్లొచ్చాయి. ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి, మా స్కూలు పక్క అంగన్‌వాడీలో బ్యానర్ కడతారు. దాని మీద ఎప్పుడూ ఒళ్లో కళ్లు మూసుకున్న పసిగుడ్డే. ఒక కాలు నా భుజం మీద, ఒక కాలు గాల్లో, తలకిందులుగా వేలాడుతూ తాగే ఇరవై నెలల వీరుడి బొమ్మ ఒక్క బ్యానర్ మీదా చూడలేదు.

ఆవిడ చెప్పినవి నాకు గుర్తున్నంతలో: నొప్పి లేని వైపు ముందు ఇవ్వు, ఆకలి మీద మొదట లాగే ఊపే గట్టిగా ఉంటుంది. ఇచ్చే ముందు గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టుకో. అయ్యాక రెండు చుక్కల పాలు పిండి మొనకే రాసి గాలికి ఆరనివ్వు. సబ్బు తగలనీకు. పాలు కారకుండా లోపల పెట్టుకునే ప్యాడు మొనకి అంటుకుపోతే పీకకు, గోరువెచ్చటి నీళ్లతో తడిపి తియ్యి. (ఈ చివరిది ముందే తెలిసుంటే గురువారం నాడు నేను ఏడ్చేదాన్ని కాదు.) ఒక ట్యూబు కూడా రాసింది, లానోలిన్. బిడ్డకి పట్టే ముందు కడగక్కర్లేదట. ఇంటికొచ్చి అది గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డని నేను చెప్పకుండా ఉండాల్సింది. "గొర్రె బొచ్చు జిడ్డా! వాడి నోట్లోకా!" అని అత్తయ్య కొబ్బరినూనె సీసా తెచ్చి నా ముందు పెట్టింది. రాత్రి ట్యూబు, పగలు కొబ్బరినూనె. అదీ మా ఇంట్లో కుదిరిన రాజీ.

కుడివైపు పది అంకెలు లెక్కపెట్టి ఆపేయడమని నా సొంత ఉపాయం ఒకటి మొదలుపెట్టాను. ఒకటీ రెండూ మూడూ... పది, అయిపోయింది, ఇటు రా. రెండు రోజుల్లో బాగానే పట్టాడు. ఎంత బాగా అంటే, ఈ పొద్దున కొత్తిమీర అబ్బాయి వీధిలో "కట్ట పది, కట్ట పది" అని అరిస్తే చంకలో ఉన్నవాడు గొల్లుమన్నాడు. ఆ అబ్బాయి బిత్తరపోయి ఒక కట్ట ఊరికే ఇచ్చాడు.

మధ్యాహ్నం ఇంకో పాఠం. కొత్తావకాయ కదా, అందరి కంచాల్లోనూ అదే. వాడు వాళ్ల తాతయ్య ఒళ్లో కూర్చుని ఆయన వేళ్లు నాకాడు. గుంటూరు కారం. సూ సూ అంటూ పరుగెత్తుకొచ్చి, మంచినీళ్లు అందించేలోపు నా మీద పడ్డాడు. పగిలిన చోట ఆవకాయ. ఇంతకు మించి రాయను. ఇకమీదట అన్నం తిన్నాక నోరు కడిగాకే పాయి, తాతయ్యకీ అదే ఆర్డరు.

సాయంత్రం అత్తయ్య పెరట్లో గోరింటాకు కోసి రుబ్బింది. ఆషాఢంలో ఒక్కసారన్నా పెట్టుకోకపోతే ఆవిడ ఊరుకోదు. వాడు నిద్రపోతున్నాడు కదా అని రెండు చేతులకీ పెట్టించుకున్నాను. అరచేతిలో చందమామ, వేళ్లకి టోపీలు. పావుగంట కాలేదు, లేచాడు. ఏడుపు. మా ఆయన ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపోతున్నాడు. సరే, ఒళ్లో వేయండి, చేతులు నేను పైకెత్తి పెట్టుకుంటాను అన్నాను. పోలీసుల ముందు లొంగిపోయిన దొంగలా చేతులెత్తి కూర్చున్నాను. ఎడమవైపు బాగానే తాగాడు. ఏ క్షణాన కుడికి దూకాడో తెలియదు, కటుక్కుమని కొరికాడు.

కొరికినప్పుడు వెనక్కి లాక్కోకూడదు, చిరుగుతుంది. తలని ఇంకా దగ్గరికి అదుముకుంటే ముక్కుకి అడ్డమై వాడే నోరు తెరుస్తాడు, లేకపోతే చిటికెన వేలు నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకి పోనిచ్చి పట్టు విడిపించాలి. ఇవన్నీ నాకు నోటికి వచ్చు. చేతులకి గోరింటాకుందన్నది మాత్రం ఆ నిమిషాన గుర్తులేదు. టోపీతో సహా వేలు పెట్టేశాను.

ఠక్కున వదిలాడు. మొహం చిట్లించి, నాలుక బయటపెట్టి, నన్నూ నా వేలినీ మార్చి మార్చి చూశాడు. మా ఆయన నోరు తుడిచి నీళ్లు పట్టించాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "మా అత్తగారు మీ ఆయనకి పాలు మాన్పించడానికి వేపాకు పసరు రాసిందమ్మాయ్. వాడు ఆ పసరు చప్పరించి మరీ తాగాడు. నీకు గోరింటాకు దొరికింది." నేను నవ్వలేదు. వాడు ఇక రాడేమోనని ఒక్క క్షణం భయం వేసింది. పొద్దుటి నుంచీ వదిలితే బాగుండునని అనుకున్నదాన్ని నేనే.

చేతులు కడిగేసుకున్నాను. ఎర్రగా పండలేదు, లేత నారింజే. రాత్రి తొమ్మిదింటికి దగ్గరికొచ్చి అనుమానంగా వేళ్లు వాసన చూశాడు. చల్లటి తడిగుడ్డ ముందు నమలనిచ్చాను, ఆ తర్వాత "సింహం ఎట్లా తెరుస్తుంది నోరు?" అన్నాను. ఆఆ అని తెరిచాడు. కొండనాలుక కనిపించేటంత. అప్పుడు లోపలికంటా పట్టించాను. నొప్పి ఉంది, కానీ కాలివేళ్లు ముడుచుకోలేదు. పురిటి బిడ్డకి ఈ మాట చెప్పి చేయించలేం. వీడికి చెప్పొచ్చు. ఇన్నాళ్లూ నాకు తట్టనేలేదు.

నిద్రపోయాక లైటు వెలుతురులో చూస్తే, కుడి బుగ్గ మీద మూడు వేళ్ల ముద్రలు, నారింజ రంగులో. ఎప్పుడంటుకుందో, ఎవరం చూసుకోలేదు. తుడిస్తే పోలేదు. రేపు పొద్దున పిన్నిగారు గోడ మీంచి చూసి, "పాల కోసం అట్లా కొడతారా పసివాణ్ణి?" అనడం ఖాయం.