నాన్న జేబులో కాగితం

నాన్నకి ఎడమ బుగ్గ లోపల క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలన్నారు, ఆ తేదీ కోసం కాకినాడ వెళ్తే డాక్టరుగారు నోరంతా చూసి "ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకుని రండి" అని వెనక్కి పంపేశారు. అసలు రోగం వదిలేసి పళ్ళ మీద పడ్డారేంటి అని అమ్మ బస్సులో రాజోలు వచ్చేదాకా బాధపడుతూనే ఉంది. నన్నడిగితే ఆపరేషన్‌కి ముందే పంపాల్సింది, అదే మత్తులో పళ్ళు కూడా తీసేసేవారు.

పళ్ళ డాక్టరమ్మగారు దవడ మొత్తం కనిపించే ఎక్స్‌రే తీయించి మూడు పళ్ళు తీసెయ్యాలన్నారు. రెండు కదిలేవే. మూడోదానికి ఏ నొప్పీ లేదు, గట్టిగా ఉంది, దాన్నెందుకండీ అంటే ఎక్స్‌రేలో వేరు కొసన శనగగింజంత నల్లమచ్చ చూపించారు. రేడియేషన్ పడిన ఎముకకి రక్తం సరిగ్గా అందదట, అందులోనూ కింది దవడకి మరీ కష్టం, ఆ తర్వాత ఎప్పుడు పన్ను పీకినా గుంట మానక ఎముక చచ్చుబడిపోవచ్చు, అందుకే పీకేవి ముందే పీకేసి రెండు వారాలైనా పూడనివ్వాలి. నాన్న "ఆయ్, అలాగేనండి" అని నోరు తెరిచారు.

వారానికి ఐదు రోజుల చొప్పున 33 సిట్టింగులు. మూడో వారానికి నోరంతా పుళ్ళు. లీటరు నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజంతా పుక్కిలించడం, వేపపుల్ల మానేసి మెత్తటి బ్రష్ వేడినీళ్ళలో ముంచి తోముకోవడం, అలా నెట్టుకొచ్చాం.

పుళ్ళు మానాయి గానీ రేడియేషన్‌కి ఎండిపోయిన ఉమ్ము మాత్రం తిరిగి రాలేదు. చూడ్డానికొచ్చిన చుట్టాలు నోట్లో కరిగిపోతాయని ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేవారు. తడి లేని నోట్లో అవి కరగవండీ, అంగిట్లో కాగితంలా అతుక్కుపోతే నాన్న వేలితో గీక్కునేవారు. ఆ తీపి కడిగేసే ఉమ్ము లేక పన్ను చిగురు దగ్గర చుట్టూ పుచ్చుతుంది, నొప్పి కూడా తెలియకుండా మొదలు దగ్గరే విరిగిపోతుంది. దానికి మందు ఫ్లోరైడ్ జెల్. పళ్ళ అచ్చుకి చేసిన ట్రేలో వేసి రోజూ రాత్రి పది నిమిషాలు పెట్టుకుని ఉమ్మేసి, అరగంట దాకా నీళ్ళు కూడా ముట్టకూడదు. కొన్నాళ్ళు కాదు, బతికున్నన్నాళ్ళూ.

ఏడాది బాగానే పెట్టుకున్నారు, తర్వాత నేను ఊళ్ళో లేనప్పుడు మానేశారు. ఒక రాత్రి ఎడమ కింది పన్ను పోటు పెడితే తెల్లారగానే పక్కింటాయనతో దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్ళి పీకించేసుకున్నారు. రేడియేషన్ సంగతి ఈయన చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఎందుకంటే రూట్ కెనాల్ చేసి వేరు అలాగే ఉంచే దారి ఉంది. మూడు నెలలకి చిగురులోంచి బియ్యపుగింజలా తెల్లగా ఎముక బయటపడింది. నెలల తరబడి మాత్రలు, చివరికి ఆ ముక్క తీయడానికి మళ్ళీ ఆపరేషన్.

ఇప్పుడు నాన్న చొక్కా జేబులో లామినేషన్ చేయించిన కాగితం ఉంటుంది. "ఎడమ దవడకి 66 గ్రే రేడియేషన్ అయింది. పన్ను పీకకండి. ముందు ఈ నంబరుకి ఫోన్ చేయండి." గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత. చొక్కా మార్చినప్పుడల్లా అమ్మే తీసి కొత్త జేబులో పెడుతోంది.