శశాంకుడనే పేరు వెనుక

అమరకోశంలో చంద్రుని పేర్లు వల్లె వేసిన రోజుల్లో శశధరుడన్న మాట నాకు చెవికింపైన పేరు మాత్రమే. కుందేలును ధరించినవాడని అర్థం తెలిసినా దాని గురించి ఆలోచించలేదు. ఆ పేర్లు దాటిన కొద్ది పంక్తులకే అమరసింహుడు కళంకం, అంకం, లాంఛనం, చిహ్నం అనే మాటలను ఒకే అర్థంలో కూర్చాడు. చంద్రబింబం మీది నల్లని ఆకారాన్ని మచ్చ అన్నా గురుతు అన్నా నిఘంటువుకు ఒకటే కానీ, కథలకు ఆ భేదమే ప్రాణం.

బుద్ధుని పూర్వజన్మల కథలైన పాళీ జాతకాల్లో 316వది శశ జాతకం. ఉపోసథ దినాన, అంటే బౌద్ధుల ఉపవాస వ్రతదినాన, అతిథికి పెట్టడం కోసం నీటికుక్క చేపలను, నక్క ఉడుమునూ పెరుగుకుండనూ, కోతి మామిడిపళ్లను సమకూర్చుకున్నాయి. కుందేలు దగ్గర గడ్డి తప్ప మరేమీ లేదు. గడ్డి మనిషికి పెట్టేది కాదు. అందుకే శక్రుడు, అంటే ఇంద్రుడు, బ్రాహ్మణ వేషంలో వచ్చి యాచించినప్పుడు, నిప్పు రాజేయమని చెప్పి, తన ఒంటినే ఆహారంగా ఇవ్వడానికి అది మంటలోకి దూకింది. దూకే ముందు, బొచ్చులోని పురుగులు తనతోపాటు కాలిపోకూడదని ఒంటిని మూడుసార్లు విదిలించుకుంది. ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడిన క్షణంలో కూడా ఆ పురుగుల ప్రాణాలు తనవి కావని తలచిన ఆ విదిలింపు దగ్గర నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. నిప్పు మంచులా చల్లబడింది. శక్రుడు కొండను పిండి, ఆ రసంతో చంద్రుని మీద కుందేలు బొమ్మ గీశాడు.

సముద్రాల అవతల మెక్సికోలో అజ్టెక్ ప్రజలు చెప్పుకున్న కథలోనూ నిప్పు ఉంది, కుందేలూ ఉంది. ప్రాచీన నగరం తెవోతివాకాన్‌లో లోకానికి వెలుగు కోసం ఒకరు మంటలో దూకి సూర్యుడు కావలసివచ్చినప్పుడు, సంపన్నుడైన దేవుడు టెకుసిజ్‌టెకాట్ల్ నాలుగుసార్లు మంట దాకా వెళ్లి వెనుదిరిగాడు. ఒళ్లంతా పుండ్లున్న నానావాట్సిన్ మాత్రం కళ్లు మూసుకుని దూకి సూర్యుడయ్యాడు. ఆ తరువాత దూకిన ఆ సంపన్నుడు చంద్రుడై సూర్యునితో సమానంగా వెలుగుతుంటే, దేవతల్లో ఒకరు అతని ముఖం మీద కుందేలును విసిరి ఆ కాంతిని తగ్గించారు. మన కుందేలు సంకోచం లేకుండా దూకి చంద్రునికి అలంకారమైతే, అక్కడి కుందేలు సంకోచించినవాని ముఖం మీద శిక్షగా నిలిచింది.

చంద్రునిలో కుందేలుందనే ఈ ఊహ బౌద్ధంతోనే తూర్పుకు వెళ్లిందనుకోవడం తేలికే కానీ, చైనాలోని మావాంగ్‌డుయ్ సమాధుల్లో 1972లో దొరికిన పట్టుపటం మీద నెలవంక దగ్గర కప్పతోపాటు కుందేలు కూడా కనిపిస్తుంది. ఆ పటం క్రీస్తుపూర్వం 2వ శతాబ్దానిది. బౌద్ధం అప్పటికి ఆ దేశంలో అడుగుపెట్టలేదు. చంద్రుని మీది చల్లారిన లావా మైదానాల నల్లదనం అందరి కళ్లకూ ఒకటే కాబట్టి, అందులో చెవులను వేరువేరు జాతులు ఎవరికి వారే చూసి ఉంటారని నా నమ్మకం. అదే చైనా 2013 డిసెంబరులో చంద్రుని మీద దించిన వాహనానికి, తమ కథల్లో అక్కడ ఔషధం నూరే కుందేలు పేరే, యుతు అని, పెట్టింది.

7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ యాత్రికుడు షువాన్‌జాంగ్ వారణాసి ప్రాంతంలో ఈ కథకు గుర్తుగా కట్టిన స్తూపం గురించి రాశాడు. ఆయన విన్న కథలో నిప్పు చల్లబడలేదు, కుందేలు నిజంగానే కాలిపోయింది; మిగిలిన శరీరాన్ని ఇంద్రుడు బూడిదలోంచి ఏరుకుని, ఈ త్యాగం మరుగున పడకూడదని చంద్రునిలో ఉంచాడు.