ఉబుంటు అదే, డెస్క్‌టాప్ వేరే

కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్ స్లోగా ఉందని అంటే చాలు, "ఫార్మాట్ కొట్టేసి మింట్ అనే ఇంకో లినక్స్ వెయ్" అనేవాళ్లు మా విజయనగరంలోనూ బాగానే ఉన్నారు. అంత అవసరం లేదండీ. ప్యానెల్, మెనూ, విండోలు, ఫైల్ మేనేజర్, ఇవన్నీ కలిపి డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్, అది సిస్టమ్ మీద ఉండే ఒక పొర మాత్రమే, నచ్చకపోతే దాని పక్కనే ఇంకోటి వేసుకోవచ్చు, మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.

మా నాన్నది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. రిటైరైన టీచరు, పైడితల్లమ్మ పండగ గురించి, ఊళ్లో చెరువుల గురించి ఏవో రాసుకుంటూ ఉంటారు. ఉబుంటుతో వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్‌లో బ్రౌజరూ, రాసుకునే రైటరూ కలిపి తెరిస్తే మౌస్ కూడా ఆలోచించి కదిలేది. అందుకే ఎక్స్‌ఎఫ్‌సీఈ (Xfce) అనే తేలికపాటి డెస్క్‌టాప్‌కి మార్చాను. ఇదేమీ కొత్త సరుకు కాదు, 1996లో మొదలైంది. 2011లో గ్నోమ్ 3 వచ్చి పాత ప్యానెల్, మెనూ తీరంతా మార్చేసినప్పుడు లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే విసుక్కుని దీనికి వచ్చేశాడు. మాటే, సినమన్ అనే డెస్క్‌టాప్‌లు పుట్టిందీ ఆ గొడవలోంచే.

కమాండ్లు కొట్టే టెర్మినల్లో sudo apt install xubuntu-desktop అని కొడితే సరిపోతుంది, జుబుంటు అంటే ఎక్స్‌ఎఫ్‌సీఈతో వచ్చే ఉబుంటే. మధ్యలో నీలం తెర వచ్చి జీడీఎం3 కావాలా, లైట్‌డీఎం కావాలా అని అడుగుతుంది, టెన్షన్ పడకండి, అది లాగిన్ తెర సంగతే. నేను జీడీఎం ఉంచేశాను. పేరు నొక్కాక కింద కుడిమూల పళ్లచక్రం గుర్తు కనిపిస్తుంది, అందులో ఏ డెస్క్‌టాప్ కావాలో ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టడమే. ఒక్క ఇబ్బంది, మెనూలో రెండు ఫైల్ మేనేజర్లు, రెండు టెర్మినళ్లు చేరతాయి. ముందు కొత్త యూజర్‌ని సృష్టించి అందులో చూసుకుంటే పాత సెట్టింగులు చెదరవు.

అసలు పనంతా ఆ తర్వాతే. ప్యానెల్ని కిందికి దించి, దాని మీద రైటర్, బ్రౌజర్, ఫోల్డర్ మాత్రం ఉంచి, గడియారం పెద్దది చేసి, అపియరెన్స్‌లో ఫాంట్ల దగ్గర అక్షరాల సైజు మార్చే డీపీఐ 96 నుంచి 120కి పెంచాను. మర్నాడు నాన్న, "ఏట్రా, నిన్న పైనున్నది ఇవాళ కిందకొచ్చేసింది?" అన్నారు గానీ, అక్షరాలు కళ్లద్దాలు లేకుండా కనిపిస్తున్నాయని ఊరుకున్నారు. ప్యానెల్ని లాక్ చేయడం మరిచిపోకండి, లేకపోతే పొరపాటున లాగితే ఎటో వెళ్లిపోతుంది. వాల్‌పేపర్‌గా సిరిమాను ఫొటో పెట్టమన్నారు, పెట్టాను, తీరా చూస్తే కింద జనం తలల మధ్య ఐకాన్ల పేర్లు ఒక్కటీ చదవడానికి లేదు. ఐకాన్లే తీసేశాను, ఎలాగూ అన్నీ ప్యానెల్లోనే ఉన్నాయి. విండో అంచు మరీ సన్నం, మౌస్‌కి దొరకదు. ఆల్ట్ నొక్కి కుడి బటన్‌తో లాగితే ఎక్కడ పట్టుకున్నా సైజు మారుతుంది, ఈ చిట్కా నాన్నకి తెగ నచ్చింది.

గ్నోమ్‌ని ఇలా మార్చుకోలేమా అంటే మార్చుకోవచ్చు, ఎక్స్‌టెన్షన్లు అనే అదనపు చిన్న ప్రోగ్రాములతో. కాకపోతే ఆరు నెలలకోసారి కొత్త గ్నోమ్ వస్తుంది, ఆ వెర్షన్‌కి పనిచేస్తానని చెప్పని ఎక్స్‌టెన్షన్ ఆగిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ల మెషీన్‌లో ఆ బాధ నాకొద్దు.

మారేటప్పుడు తెలుగు టైపింగ్ సంగతి ముందే చూసుకోండి, ఎవరూ చెప్పనిది ఇదే. గ్నోమ్‌లో కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు పెట్టుకుంటే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం తెర వెనక తనే పని చేస్తుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈకి ఆ సెట్టింగు తెలీదు. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాల కీబోర్డు అమరిక) వచ్చినవాళ్లు లేఅవుట్‌లో తెలుగు కలుపుకుంటే చాలు. నాన్నలాగ ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేవాళ్లకి ఐబస్-ఎం17ఎన్ (ibus-m17n) ప్యాకేజీ వేసి, ఐఎం-కాన్ఫిగ్‌లో (im-config) ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి మళ్లీ లోపలికొచ్చాక ఐబస్‌లో ఆర్‌టీఎస్ అనే ఇంగ్లీషు అక్షరాల పద్ధతి కలపాలి. ప్లాస్మా అనే ఇంకో డెస్క్‌టాప్‌ని వేలాండ్ (తెర మీద విండోలు చూపే కొత్త పద్ధతి) మీద నడిపేవాళ్లు మాత్రం ఐబస్ కోసం సిస్టమ్ సెట్టింగ్స్‌లో వర్చువల్ కీబోర్డ్ దగ్గర వెతకండి, అక్కడ ఉంటుందని ఎవరనుకుంటారు! పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా (fonts-telu-extra) ప్యాకేజీ వేసుకోండి, ఏ డెస్క్‌టాప్‌లో ఉన్నా వస్తాయి.