బి కణం నుంచి ప్లాస్మా కణం దాకా: కల్చర్‌లో నా అనుభవం

ఎలుక ప్లీహంలోని బి కణాలను (ఒక రకం తెల్ల రక్తకణాలు) నాలుగు రోజుల్లో యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలుగా మార్చడం పెద్ద పనేం కాదు. ఆ మార్పును కణం లోపలి ఏ సంకేత మార్గం నడిపిందో తేల్చడమే కష్టం.

ప్లీహాన్ని జల్లెడపై నలిపి, అమ్మోనియం క్లోరైడ్‌తో ఎర్ర రక్తకణాలను రెండు నిమిషాల్లోపే పగలగొడతాను. తర్వాత సీడీ43 అనే కణ ఉపరితల ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ ఉన్న మాగ్నెటిక్ బీడ్స్ (అయస్కాంత పూసలు) కలుపుతాను. టి కణాలు, అప్పటికే ఉన్న ప్లాస్మా కణాలు బీడ్స్‌కు అంటుకుపోతాయి. కావలసిన బి కణాలకు ఏ యాంటీబాడీ తగలదు, కాబట్టి దానివల్ల అవి ముందే ఉత్తేజం కావు. సంకేతాలు చదివే ప్రయోగానికి ఇదే సరైన పద్ధతి.

5 మైక్రోమోలార్ సెల్‌ట్రేస్ వయొలెట్‌తో 20 నిమిషాలు రంగు వేస్తాను; కణం విభజన చెందిన ప్రతిసారీ ఈ రంగు సగమవుతుంది, దాన్నిబట్టే విభజనలు లెక్కిస్తాను. రంగు వేసేటప్పుడు సీరం ఉంటే రంగంతా అదే తాగేస్తుంది. కల్చర్ మీడియంలో 10 శాతం సీరం, 50 మైక్రోమోలార్ మెర్‌కాప్టోఇథనాల్, మి.లీ.కి 10 మైక్రోగ్రాముల ఎల్‌పీఎస్ (బి కణాలను ఉత్తేజపరిచే బ్యాక్టీరియా పదార్థం), 2 లక్షల కణాలు. మెర్‌కాప్టోఇథనాల్ మరిస్తే ఎలుక బి కణాలు బతకవు. విభజన చెందని కంట్రోల్ కావాలంటే ఎల్‌పీఎస్ బదులు బాఫ్ అనే, బి కణాలను బతికించే ప్రొటీన్ ఇవ్వాలి. ఏమీ ఇవ్వకపోతే నాలుగో రోజుకు ఫ్లో సైటోమీటర్‌లో గేట్ వేయడానికి (కావలసిన కణాల గుంపును ఎంచుకోవడానికి) కణాలే మిగలవు.

అసలు చిక్కు ఇక్కడే. మొదటి రోజే ఎంటార్ అనే సంకేత మార్గాన్ని అడ్డుకునే మందు రాపామైసిన్ వేస్తే, ప్లాస్మా కణాల గుర్తు అయిన సీడీ138 ఉన్న కణాల శాతం పడిపోతుంది. అంతమాత్రాన ఎంటార్ మార్గం ప్లాస్మా కణాల తయారీని నేరుగా శాసిస్తోందని రాసేయకూడదు. బి కణం కొన్నిసార్లు విభజన చెందాకే ప్లాస్మా కణంగా మారుతుంది. రాపామైసిన్ విభజననే నెమ్మదింపజేస్తుంది. అందుకే మొత్తం శాతాన్ని నేను నమ్మను. మందు ఉన్న గిన్నెలో, డీఎంఎస్ఓ (మందును కరిగించే ద్రావకం) మాత్రమే ఉన్న గిన్నెలో సమానంగా అన్నేసిసార్లు విభజన చెందిన కణాలను పక్కపక్కన పెట్టి పోలుస్తాను. అక్కడా తేడా కనిపిస్తే, ప్లాస్మా కణంగా మారేందుకు జన్యువులను నడిపే ప్రొటీన్లు ఐఆర్ఎఫ్4, బ్లింప్-1ల స్థాయిలు చూస్తాను. ఐఆర్ఎఫ్4 బాగా పెరిగితేనే బ్లింప్-1 మేలుకుంటుంది.

బి కణ గ్రాహకాన్ని ఉత్తేజపరచాలంటే ఆ గ్రాహకంలో భాగమైన ఐజీఎంకు వ్యతిరేకమైన యాంటీబాడీలో తోక లేని, రెండు చేతుల ముక్కనే వాడండి. పూర్తి యాంటీబాడీ తోక బి కణంపైనే ఉన్న ఎఫ్‌సీ గామా 2బీ అనే అణచివేత గ్రాహకాన్ని కూడా లాగుతుంది. అది షిప్ ఎంజైమ్‌ను పిలిచి సంకేతాన్ని అణచేస్తుంది. అప్పుడు మార్గం పనిచేయడం లేదని పొరబడతాం.

సీడీ138 కనిపించినంత మాత్రాన కణం యాంటీబాడీలు విడుదల చేస్తోందని కాదు. అది తేల్చడానికి, యాంటీబాడీలు విడుదల చేసే ఒక్కో కణాన్నీ ఒక్కో చుక్కగా చూపే ఎలిస్పాట్ పరీక్ష పెడతాను. ఆ ప్లేటును ఇంక్యుబేటర్‌లో పెట్టాక కదిలించకండి, చుక్కలు తోకచుక్కల్లా సాగిపోయి లెక్కకు రావు.