చలికాలం పొద్దున పెద్దవాళ్లకు బీఐఏ తీయడం: నా అనుభవం

ఆదిలాబాద్‌లో డిసెంబరు పొద్దున ఏడింటికి, మంకీ టోపీతో పరగడుపున వచ్చిన పెద్దాయన్ని నేరుగా బీఐఏ (బయోఎలక్ట్రికల్ ఇంపిడెన్స్ ఎనాలిసిస్, అంటే ఒంట్లో కొవ్వు, కండ ఎంతో అంచనా వేసే పరీక్ష) మిషన్ ఎక్కిస్తే కొవ్వు శాతం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మిషన్ చెడిపోయి కాదు. అది కొవ్వును కొలవదు. మనకు తెలియనంత చిన్న కరెంటు, మామూలుగా 50 కిలోహెర్ట్జ్‌ది, ఒంట్లోకి పంపి ఎంత అడ్డం వస్తోందో చూస్తుంది. దాన్నిబట్టి నీరు, నీటినిబట్టి కండ, ఎముక లాంటి కొవ్వు కానిదంతా లెక్కగట్టి, మిగతా బరువంతా కొవ్వు ఖాతాలో వేస్తుంది. చర్మం చల్లబడి రక్తనాళాలు ముడుచుకుంటే ఆ అడ్డం పెరుగుతుంది. నీరు తక్కువ పడుతుంది, కొవ్వు పెరుగుతుంది. ఒంట్లో కండ లేక వణికేవాళ్లకే మిషన్ కొవ్వు అంటగడుతుందన్నమాట.

అందుకే ముందు చేతులు పట్టుకుని చూస్తాను. వేళ్లు చల్లగా తగిలితే ఫ్యాన్ ఆపి, తలుపేసి, శాలువా కప్పి 20 నిమిషాలు కూర్చోబెడతాను. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. తొందరపడి చలిమంట దగ్గరో, వేడినీళ్ల బకెట్‌లోనో కాళ్లు కాచకూడదు. చర్మం మరీ వేడెక్కితే లెక్క ఎదురువైపు తప్పి కొవ్వు తక్కువ చూపిస్తుంది. ఆలోపు అడగాల్సినవి అడిగేస్తాను. పేస్‌మేకర్ ఉందంటే మిషన్ జోలికే వెళ్లను. మూత్రానికి వెళ్లి రమ్మంటాను. ఒంట్లో నీరు మూత్రంగా తీసేసే మాత్ర వేసుకుంటే కాగితం మీద రాసుకుంటాను.

ఎక్కువసార్లు తంటా వచ్చేది పాదాల దగ్గరే.

"కాళ్లకు ఏం రాసుకున్నవమ్మా?"

"పగుళ్లకు కొబ్బరినూనె పెట్టిన బిడ్డా."

నూనె కరెంటును పోనివ్వదు, ఎండి పగిలిన మడమా అంతే. గోరువెచ్చని సబ్బునీళ్ల గుడ్డతో నూనె తుడిచి, తర్వాత తడిగుడ్డతో అరికాలు కొంచెం చెమ్మగా ఉంచుతాను. స్టీలు ప్లేట్లను కూడా వెచ్చని తడిగుడ్డతో తుడిస్తే పాదం ఉలిక్కిపడి వెనక్కి రాదు. పట్టీలు తీయమంటాను. మెట్టెలు తీయనంటే బలవంతం చేయను. ఉన్నాయని రాసి, వచ్చేసారీ అలాగే తీస్తాను. నిలబడలేని వాళ్లకు పడుకోబెట్టి తీసే రకం వాడాలి. 10 నిమిషాలు వెల్లకిలా పడుకున్నాక, చేతులు ఒంటికి, తొడలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో పొడి తువ్వాలు పెట్టాలి.

బట్టల బరువు చాలావరకు కొవ్వు కిందకే వెళ్తుంది. స్వెటర్, శాలువా విడిగా తూచి తీసేయాలి. ఎత్తు దగ్గర ఇంకో మోసం ఉంది. సూత్రంలో ఎత్తు వర్గం (ఎత్తును ఎత్తుతోనే గుణిస్తే వచ్చేది) వాడతారు కాబట్టి, కొప్పు విప్పకుండా 150 సెంటీమీటర్ల మనిషిని 152 అని రాస్తే ఆ వర్గం దాదాపు 2.7 శాతం పెరిగిపోతుంది. నడుం వంగినవాళ్లకు మోకాలి ఎత్తు కొలిచి దాన్నుంచి ఎత్తు లెక్కగడతాను.

కాళ్లు చేతుల కండను (కిలోల్లో) ఎత్తు వర్గంతో (మీటర్లలో) భాగిస్తే వచ్చే సంఖ్యకు, కండ తగ్గిందనడానికి 2019 ఆసియా ప్రమాణం ప్రకారం బీఐఏలో హద్దు మగవాళ్లకు 7.0, ఆడవాళ్లకు 5.7. దాన్ని ఒక్కదాన్నే నమ్మను. పిక్క చుట్టుకొలత మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల లోపు, చేతిపట్టు బలం అదే వరుసలో 28, 18 కిలోల లోపు ఉన్నాయా అని చూస్తాను. కాళ్ల వాపు ఉంటే ఆ నీటిని మిషన్ కండ అనుకుంటుంది, టేపు కూడా మోసపోతుంది. అప్పుడు నాకు దిక్కు చేతిపట్టే.

"చలికి ఆగలేకపోతున్న" అనే మాటను వెంటనే కండ తగ్గడం మీదికి తోయకూడదు. వేడి పుట్టించేది కండే, నిజమే. కానీ హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలతో కూడా చేతులు చల్లబడతాయి. అసలు చలే తెలియదనే ముసలివాళ్లు నన్ను ఇంకా భయపెడతారు. లోపలి వేడి 35 డిగ్రీలకు దిగినా వాళ్లు వణకకపోవచ్చు.

కాగితం మూలన గది వేడి, టైము, చేతులు ఎలా తగిలాయో రాసి పెడతాను. డిసెంబరు కాగితం పక్కన ఏప్రిల్ కాగితం పెట్టి "కొవ్వు తగ్గింది" అని ఇంట్లోవాళ్లు సంబరపడుతుంటే, ముందు ఆ మూలన ఏం రాశానో చూస్తాను.