నా అకార్డియన్ మీద రెండు చుక్కల స్విచ్

టాంగో అనే అర్జెంటీనా నాట్యసంగీతంలో అకార్డియన్ ఎంత బాగుంటుందో అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను. నేనే అకార్డియన్ వాయించేదాన్ని. అయినా చెప్తాను, వాళ్లు విన్నది చాలావరకు అకార్డియన్ కాదు, దానిలాగే తిత్తిని తెరిచి మూస్తూ వాయించే బాండోనియన్ అనే ఇంకో వాద్యం.

ఈ తేడా తెలియక నేను రెండేళ్లు కష్టపడ్డాను. స్వరాలు సరిగ్గానే పడుతున్నాయి, తాళం తప్పడం లేదు. రికార్డు చేసుకుని వింటే మాత్రం పండగ వీధిలో పాటలా ఉల్లాసంగా వినిపించేది. టాంగోలో ఉండే ఆ దిగులు ఎక్కడా లేదు. లోపం నా చేతుల్లోనే ఉందనుకుని చాలా బాధపడ్డాను.

కిందటేడాది అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఏర్స్ వెళ్లినప్పుడు ఒక పెద్దాయన తన బాండోనియన్ నా ఒళ్లో పెట్టారు. అకార్డియన్‌కి ఉన్నట్టు భుజాలకి పట్టీలు లేవు. మోకాళ్ల మీద బరువుగా కూర్చుంది. పియానో మెట్లు లేవు, రెండు పక్కలా గుండ్రటి బటన్లే. కుడివైపు 38, ఎడమవైపు 33. ఒక బటన్ నొక్కి తిత్తి తెరిచాను, ఒక స్వరం వచ్చింది. వేలు కదపకుండా తిత్తి మూశాను, ఇంకో స్వరం వచ్చింది! 71 బటన్లు, 142 స్వరాలు. సరిగమ వాయిద్దామంటే పక్కపక్కన దొరకలేదు. ఒకటి పైవరసలో ఉంటే ఇంకోటి ఎక్కడో అంచున. పావుగంటకే వేళ్లు మొరాయించాయి. ఆయన మాత్రం నవ్వలేదు. తనకీ మొదట్లో అలాగే అయిందన్నారు.

బటన్లు ఇలా చెల్లాచెదురుగా ఉండడానికి కారణం తర్వాత తెలిసింది. జర్మనీలోని కెమ్నిట్స్‌లో కార్ల్ ఫ్రీడ్రిక్ ఊలిగ్ అనే ఆయన 1834లో కొద్దిపాటి బటన్లతో కాన్సర్టినా అనే ఒక చిన్న తిత్తి వాద్యం చేశాడు. 1840లలో క్రేఫెల్డ్‌లో వాద్యాల దుకాణం నడిపిన హైన్రిక్ బాండ్ దాన్ని పెంచాడు. ఆయన పేరే వాద్యానికి స్థిరపడింది. అప్పటికే నేర్చుకున్నవాళ్ల వేళ్ల అలవాటు చెడకూడదు కాబట్టి, కొత్త స్వరాలు కావాల్సి వచ్చినప్పుడల్లా పాత బటన్లను కదపకుండా చుట్టూ చేర్చుకుంటూ పోయారు. పాత ఇంటికి అటూ ఇటూ గదులు వేసుకుంటూ పోయినట్టు.

మొదటి రోజుల టాంగోకి ఈ వాద్యంతో పనే లేదు. ఫ్లూటు, వయొలిన్, గిటారు ఉంటే చాలు. చురుగ్గా, గెంతుతూ సాగే సంగీతం అది. జర్మనీ నుంచి ఓడల్లో వచ్చిన బాండోనియన్ 20వ శతాబ్దం మొదట్లో ఆ బృందాల్లో చేరింది. 1911లో విసెంతే గ్రేకో బృందం రికార్డులిచ్చేనాటికి ఫ్లూటు, బాండోనియన్ రెండూ ఉన్నాయి. తర్వాత మెల్లగా ఫ్లూటు తప్పుకుంది. దాంతోపాటే టాంగో నడక నిదానించింది, బరువెక్కింది. బాండోనియన్ వల్లే అలా జరిగిందని చాలామంది అంటారు. దాన్ని ఒళ్లో పెట్టుకున్నాక నేనూ నమ్ముతున్నాను. ఆ బటన్ల మీద గెంతడం కష్టం. స్వరాన్ని పట్టుకుని నిలపడం, లాగడం మాత్రం దానికి పుట్టుకతో వచ్చిన గుణం.

నా అకార్డియన్‌లో లేనిదేమిటో కూడా అక్కడే అర్థమైంది. అకార్డియన్ ఎడమచేతి వైపు ఒక్క బటన్ నొక్కితే మూడు స్వరాల కార్డ్ తయారుగా వచ్చేస్తుంది. వాల్ట్జ్ అనే నాట్యసంగీతానికి అది వరం. బాండోనియన్‌లో అలాంటిది లేదు, కార్డ్‌లోని ప్రతి స్వరాన్నీ వేళ్లతో ఏరుకోవాలి. అందుకే ఎడమచెయ్యి కూడా పాడుతుంది. రెండోది రీడ్ల సంగతి, అంటే గాలి తగిలి పలికే సన్నటి లోహపు రేకులు. అకార్డియన్‌లో మనకు బాగా తెలిసిన ఆ తళుకు ఎలా వస్తుందంటే, ఒకే స్వరానికి రెండు రీడ్లు పెట్టి, వాటి శ్రుతిని ఒక్క పిసరు తేడాగా ఉంచుతారు. రెండూ కలిసి వణుకుతాయి. బాండోనియన్‌లోనూ బటన్‌కి రెండు రీడ్లే, కానీ ఒకటి ఇంకోదానికి సరిగ్గా ఒక స్థాయి కింద. వణుకు ఉండదు. పొడిగా, నిటారుగా, గొంతు పూడుకుపోయిన మనిషి మాటలా వస్తుంది నాదం.

ఆ పెద్దాయన వాయిస్తుంటే ఇంకోటి గమనించాను. స్వరాలన్నీ దాదాపు తిత్తి తెరిచేటప్పుడే. చివరికంటా తెరిచాక కుడి బొటనవేలితో గాలి మీట నొక్కి, చప్పుడు లేకుండా మూసి, మళ్లీ తెరుస్తారు. మనిషి ఊపిరి తీసుకున్నట్టే ఉంటుంది. బాండోనియన్ విద్వాంసుడు అనీబల్ త్రోయిలో కళ్లు మూసుకుని, తల వంచి వాయించే పాత వీడియోల్లో ఆ ఊపిరి స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పుట్టినరోజు జులై 11ని అర్జెంటీనా జాతీయ బాండోనియన్ దినంగా జరుపుకుంటుంది.

నేను ముట్టుకున్న వాద్యం మీద ఏఏ అనే అక్షరాలున్నాయి. ఆల్ఫ్రెడ్ ఆర్నల్డ్ అని. 1911లో జర్మనీలో కార్ల్స్‌ఫెల్డ్ అనే ఊళ్లో మొదలైన కర్మాగారం అది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ వీటి తయారీ ఆగిపోయింది. ఇప్పటికీ గొప్ప వాద్యకారులు ఎక్కువగా కోరుకునేది ఆ పాతవాటినే. అవి దేశం దాటిపోకుండా కాపాడుకోవడానికి అర్జెంటీనా 2009లో చట్టమే చేసింది. ఆ పెద్దాయన దాన్ని నా ఒళ్లో పెట్టేటప్పుడు అంత జాగ్రత్త ఎందుకు పడ్డారో, నాకెందుకంత టెన్షన్ పుట్టిందో చెప్పక్కర్లేదు.

అలాగని అకార్డియన్ వదిలేద్దామనుకోలేదు. ఫిన్లాండ్ వాళ్లు టాంగోని అకార్డియన్‌తోనే తమదిగా చేసుకున్నారు. ఫ్రెంచ్ అకార్డియనిస్టు రిషార్ గలియానోకి, నీ దేశపు మ్యూజెట్ అనే అకార్డియన్ నాట్యసంగీతంలోనే కొత్తదారి వెతుక్కో అని సలహా ఇచ్చింది సాక్షాత్తూ బాండోనియన్ విద్వాంసుడు ఆస్తోర్ పియాసోల్లానే. ఆ మాట నాకు చాలా ధైర్యమిచ్చింది.

ఇంటికొచ్చాక నా అకార్డియన్ స్విచ్‌లు మొదటిసారి శ్రద్ధగా చూశాను. ఒకదాని మీద వలయంలో రెండు చుక్కలున్నాయి, మధ్యలో ఒకటి, దానికింద ఒకటి. మధ్యమ రీడు, మంద్ర రీడు మాత్రమే పలుకుతాయి, వణుకు ఆగిపోతుంది. ఆ స్విచ్ పేరే బాండోనియన్! ఇన్నేళ్లూ నా కుడిచేతి కిందే ఉంది. ఇప్పుడు టాంగో ఎత్తుకునే ముందు అదే నొక్కుతాను. ఎడమచేతి కార్డ్ బటన్లు ముట్టుకోను, ఒక్కో స్వరాన్నీ ఏరుకుంటాను. నిన్న రాత్రి ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళావర్తాలు, అలా వాయించి రికార్డు విన్నాను. వీధి పండగ వినిపించలేదు. మిగతా ఎనిమిది బార్లు రేపు పట్టుకోవాలి.